దారిలో నిలిచిన మోటారు కారు



మోటారు కారు చరిత్ర చెప్పువారు దానిని నిర్మించినవారి పేళ్లు చెప్పుదురు. ఆ కాలమున దానిని కొనగలిగిన జమీందారుల పేళ్లు చెప్పుదురు. అది నడిదారిలో నిలిచిపోయినప్పుడు నీళ్లు తెచ్చినవారిని గూర్చియు, ఎడ్లను కట్టి ఊరు చేర్చినవారిని గూర్చియు చెప్పువారు అరుదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల దారిని పెక్కుమారులు ప్రయాణము చేసినవాడను గనుక ఆ రెండవ తెగవారిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయుదును.

లోకమున మొట్టమొదటి దూరప్రయాణమునందే కారు మొరాయించినది. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజి అను ఇల్లాలు, భర్తకు ముందుగా చెప్పక, తన యిరువురు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మూడు చక్రముల బండిలో మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైములోని తల్లి యింటికి బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైబడినది. ఇంచుమించుగా మన హిందూపురమునుండి అనంతపురమునకున్నంత. నడుమ ఇంధనపు గొట్టము పూడుకొనగా ఆమె టోపీసూదితో పొడిచి బాగుచేసెను. ఇంధనము తరుగగా వీస్‌లోఖ్ అను ఊరి మందుల అంగడిలో లిగ్రోయిను అను ద్రవము కొనెను. బ్రేకు చెక్కలు అరుగగా చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు వేయించెను. ఇంజనుకు మాటిమాటికి నీళ్లు పోయవలసి వచ్చెను. ఆ మందుల అంగడిని ప్రపంచమున మొదటి పెట్రోలు బంకని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు.

ఇక మన సీమకు వత్తము. 1565వ సంవత్సరమున జరిగిన రాక్షసి తంగడి యుద్ధమునకు పిమ్మట పెనుకొండ విజయనగర రాజులకు రాజధాని యయ్యెను. ఈ ప్రాంతపు దారులందు మోటారులు రాకముందు ఎన్నో తరములవారు ఎడ్లబండ్లు తోలిరి. ఆ బండ్లవారికొఱకు దారిపొడుగున బావులు, చింతతోపులు, చలివేంద్రములు, కమ్మరి కొలుములు ఏర్పడినవి. కారు వచ్చిన పిమ్మట దానికిని అవియే దిక్కైనవి.

పాతకార్లు అంత తఱచుగ ఏల నిలిచిపోయెడివని పిల్లలు అడుగుదురు. 1908 మొదలు 1927 వఱకు కోటిన్నర దాక తయారైన ఫోర్డు టీ రకపు కారునే చూడుడు. అందు దాదాపు అన్నింటను నీటిని త్రిప్పుటకు పంపు లేదు. కాగిన నీరు తేలికయై పైకి పోవును, చల్లారిన నీరు బరువై దిగును. ఆ నడకయే ఇంజనును చల్లబఱచును. రేడియేటరులో నీరు కొంత తగ్గినచో ఆ నడక ఆగును. మిగిలిన నీరు ఆవిరియగును. తరువాత వచ్చిన కార్లకు నీటిపంపులు అమరినవి గాని, వేసవిలో ఇంజను వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై పంపునకు అందకపోవుట కద్దు. అప్పుడు డ్రైవరు తడిగుడ్డ చుట్టి, గొట్టము చల్లారువఱకు కాచుకొని యుండెడివాడు. ఆ చికిత్సకును నీళ్లే కావలెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లాలో నీళ్లడుగుట చిన్న సంగతి కాదు.

మఱియొక మాట. మనము అదనపు చక్రమును స్టెప్నీ అందుము. వేల్సు దేశమున లనెల్లి అను ఊరి స్టెప్నీ వీధిలో డేవీసు సోదరులు 1904లో దానిని కల్పించిరి. అంతకుముందు టైరు పగిలినచో దారి ప్రక్కనే కూర్చుండి దానిని అతుకుకొనవలసినదే. ఆ వీధి పేరు మన పల్లెలందును నిలిచినది.

1973వ సంవత్సరము వేసవిలో మా అక్క పెండ్లి చీరలకై పెదనాయనయు నేనును హిందూపురమునుండి ధర్మవరమునకు ఒక పాత అద్దె కారులో బయలుదేరితిమి. సోమందేపల్లి దాటి పెనుకొండ కొండ కనబడుచుండగా బానెట్టు సందులనుండి ఆవిరి పొంగెను. డ్రైవరు వెంటనే మూత ముట్టలేదు. కాగిన రేడియేటరు మూత తీసినచో మరుగునీరు ముఖముపై చిమ్మును. మిక్కిలి కాగిన ఇంజనులో చన్నీళ్లు ఒక్కసారిగా పోసినచో ఇనుము పగులును. అరగంట సేపు చింతచెట్టు నీడను కూర్చుంటిమి.

అంతలో ఒక అవ్వ నెత్తిన ఒక కడవ, చంకన ఒక కడవ పెట్టుకొని ఆ దారిని వచ్చుచుండెను. డ్రైవరు లేచి, "అవ్వా, బండికి కొన్ని నీళ్లు కావల్ల" అని అడిగెను. ఆమె కారును ఎగాదిగ చూచి, "ఈ ఎండకు ఎద్దులే నిలబడల్యావు, ఇదేం నిలబడుతుంది నాయనా! ముందు మీరు తాగండి, మిగిలినవి దానికి పోయండి" అని కడవలు దించెను. రెండు కడవలును ఖాళీ యయ్యెను. పెదనాయన రూపాయి ఇయ్యబోగా, "నీళ్లకు దుడ్డు తీసుకుంటారా!" అని వెనుదిరిగి పోయెను. ఎక్కడికని డ్రైవరును అడిగితిని. "మళ్లీ బావికి. మైలుదూరం ఉంటుంది" అనెను. ఈ సంగతి ముందే తెలిసియున్నచో నీళ్లడుగక యుందుమా అని పలుమార్లు ఆలోచించితిని. అడిగియే యుందుము.

చెన్నేకొత్తపల్లి దాటి ధర్మవరము దారి పట్టిన పిమ్మట టైరు పగిలెను. స్టెప్నీ వేసితిమి, కొంత దూరము పోవునంతలో అదియును గాలి దిగెను. పొలమునుండి వచ్చుచున్న రైతొకడు తన వామినుండి గడ్డి తెచ్చి యిచ్చెను. దానిని టైరులోపల గట్టిగా కూరి, నడకవేగమున సాగి, దీపాలవేళకు ఊరు చేరితిమి. వేసవికాలపు వామిలోని గడ్డి విలువ పశువులున్న పెద్దలకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ చీరలు మా అక్క యింట నేటికిని ఉన్నవి. ఆ అవ్వ పేరు గాని, ఆ రైతు పేరు గాని మేము అడుగలేదు.

ఇప్పుడు కాలము మాఱినది. 2016లో హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణ నీరు పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు వచ్చెను. 2019లో ఎఱ్ఱమంచి గ్రామమున కియా కంపెనీవారి కార్ల కర్మాగారము ప్రారంభమయ్యెను. కార్లు దప్పికతో నిలిచిన చోటనే కార్లు పుట్టుచున్నవి. నేటి కారులో నీరు మూతబిగించిన గొట్టములలో తిరుగును, ఊరికే తరిగిపోదు. జాతీయరహదారిపై బండి ఆగినచో 1033 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఇవి యన్నియు మేలే. నేను పాతకష్టములను తిరిగి కోరువాడను కాను.

అయినను వీస్‌లోఖ్ వారు తమ మందుల అంగడిని నూట ముప్పదియేండ్లు గడచినను మఱవలేదు. మన దారులందు కడవ దించినవారిని, ఎడ్లు కట్టినవారిని, కొలిమిలో ఇరుసు సాగదీసినవారిని ఏ పుస్తకమును పేర్కొనలేదు. మీ గ్రామములలో అట్టివారిని ఎఱిగినవారు మీరే. వారి పేళ్లు, ఏ బావివద్ద, ఏ యేట అను వివరములు మనుమలచేత ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. మాకు నీళ్లిచ్చిన అవ్వ మీలో నెవరికైన నవ్వయో, తల్లియో అయియుండవచ్చును. అట్లయినచో ఆమె పేరును అందు వ్రాయింప వేడుచున్నాను.