అధివాస్తవికత: కాలుకు బదులు చక్రం

కల విచిత్రంగా ఉంటే ‘సర్రియల్‌గా ఉంది’ అనేస్తాం. ఈ మాట పుట్టి నూరేళ్లు దాటింది.

1917 మేలో పారిస్‌లో ‘పరేడ్’ అనే బ్యాలే ఆడింది. కథ కాక్తోది, సంగీతం సాతీది, తెరలూ వేషాలూ పికాసోవి. దాని పరిచయ పత్రంలో కవి అపోలినేర్ ‘సర్రియలిజం’ అనే కొత్త మాట వాడాడు. మరుసటి నెలలో తన నాటకానికే ‘సర్రియలిస్టు నాటకం’ అని పేరు తగిలించాడు. నడకను అనుకరించాలనుకున్న మనిషి చక్రాన్ని చేశాడు, అది కాలులా ఉండదు కదా! ఇదీ ఆయన చెప్పిన ఉదాహరణ. ఉన్నదాన్ని నకలు తీయడం కాదు, దాని పనిని కొత్తగా సృష్టించడమే కళ అని భావం.

1918 నవంబరులో ఆయన ఫ్లూతో పోయాడు. మాట మిగిలింది. 1924లో కవులు ఇవాన్ గోల్, ఆంద్రే బ్రెతోన్ ఇద్దరూ ఆ పేరుతోనే మేనిఫెస్టోలు తెచ్చారు. నిలిచింది బ్రెతోన్‌దే. ఆయన చేతిలో అర్థం మారింది. తర్కం కాపలా లేని ఆలోచన, కల, అచేతనం ముందుకొచ్చాయి.

ఫ్రెంచిలో ‘సుర్’ అంటే పైన. తెలుగువారి ‘అధి’కీ అదే అర్థం. అలా ‘అధివాస్తవికత’ అచ్చుగుద్దినట్టు కుదిరింది. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు ఈ ధోరణిని తెలుగు కవిత్వంలోకి తెచ్చారు.

ఇప్పుడు మాత్రం నోటికి వచ్చేది సర్రియలే. ‘అధి’ పుస్తకాల్లో ఉండిపోయింది.