ఆకాశమార్గమున మాటపొరపాట్లు

అల్వాలు వాసులకు విమానముల రొద క్రొత్త గాదు. ఊరికి ఉత్తరమున హకీంపేటలో వైమానికదళ స్థావరమున్నది. నైరుతి దిక్కున బేగంపేట విమానాశ్రయము. వాయవ్యమున దుండిగల్లులో 1967లో శంకుస్థాపన జరిగిన వైమానిక విద్యాలయము. ఇంత దగ్గరగా ఇన్ని విమానక్షేత్రములున్న చోట్లు మన దేశమున అరుదు. తలమీదుగా పోవు ప్రతి విమానములోని చోదకుడును నేలమీద టవరులో గూర్చున్న నియంత్రకునితో మాటలాడుచునే యుండును. ఆ మాట మనకు వినబడదు. అది సరిగా వినబడినంతకాలము దానిని గూర్చి తలచువారును ఉండరు. సరిగా వినబడని దినములు కొన్ని చరిత్రలో గలవు. ఆ దినముల కథయే నేటి ప్రసంగము.

మొదట ఆకాశమునకు నేలకు నడుమ మాటయే లేదు. జెండా ఊపుట, దీపము చూపుట, అంతే. 1914-18 యుద్ధకాలమున విమానములలో తంతిలేని టెలిగ్రాఫు ప్రవేశించినది. 1920 దశకమున లండను చెంతనున్న క్రాయ్‌డన్ విమానాశ్రయమున మాటలతోనే వర్తమానములు పంపు పద్ధతి ఏర్పడెను. ఆపదలో వైమానికులు నేటికిని పలుకు ‘మేడే’ అను పిలుపు అక్కడ పుట్టినదే. సాయము చేయుడను ఫ్రెంచి మాటను ఆంగ్లేయులు తమ నోట మలచుకొన్నారు. అయినను దూరప్రయాణములలో చిరకాలము చుక్కగీతల భాషయే రాజ్యమేలెను. 1945లో హైదరాబాదు సంస్థానమున దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడి, బేగంపేటనుండి డకోటా విమానములు నడపిన కాలమునాటికి, చోదకుని వెనుక రేడియో ఆపరేటరు ప్రత్యేకముగా గూర్చుండుట లోకమంతట వాడుక. చుక్కగీతలు మెల్లగా నడచును గాని వానిలో ఒక గుణమున్నది: ఆపరేటరు విన్నదానిని విన్నట్లు కాగితముపై వ్రాయవలెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత చోదకుడే స్వయముగా మాటలాడు యంత్రములు వ్యాపించినవి. వేగము వచ్చినది, కాగితము పోయినది. ఆ బేరములో మనమెంత లాభపడితిమో అంత నష్టపోతిమని నా యభిప్రాయము.

ఈ యంత్రము టెలిఫోను వంటిది కాదు. ఒక తరంగముపై ఒక్కరే మాటలాడవలెను, తక్కినవారందరు వినవలెను. ఇద్దరొక్కసారి మీట నొక్కిరా, ఇరువురి మాటయు పోయి కీచుధ్వని మాత్రము మిగులును. మాట స్పష్టముగా వచ్చినను చెవి మోసగించుట వేరొకటి. మన అంగళ్లలో టెలిఫోనుమీద ‘ఇరవై’ యన్నది ‘అరవై’గా వినబడి సరకు మూడింతలు వచ్చిన కథలు ఎవరెరుగరు? తెలిసిన వర్తకుడు ‘ఆరు పదులు’ అని విడదీసి చెప్పును. వైమానికులు చేసినదియు నిదియే. అక్షరములకు ఆల్ఫా, బ్రావో అను పేర్లు పెట్టి 1956లో లోకమంతట అమలుపరచిరి. తొమ్మిదిని ‘నైనర్’ అని సాగదీసిరి. ఇంత చేసినను 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూరు వద్ద ‘రెండు’ అను అంకె, ‘కు’ అను విభక్తి, ఆంగ్లమున ఒకే ధ్వనిగా నుండుటచేత, 2,400 అడుగులకు దిగుమన్న మాట 400 అడుగులకని వినబడి, సరకుల విమానమొకటి కొండను గొట్టుకొన్నది. నలుగురు మరణించిరి.

ఇంతకంటె ఘోరమైనది 1977 మార్చి 27న కానరీ దీవులలోని తెనెరీఫేలో జరిగినది. పొగమంచులో డచ్చి విమానమొకటి రన్‌వే చివర నిలిచియున్నది. అమెరికా విమానమొకటి అదే రన్‌వేమీద ఎదురుగా వచ్చుచున్నది. ఎగిరిన పిమ్మట పోవలసిన మార్గమును టవరు తెలుపగా, డచ్చివారు దానిని అప్పగించుచు తాము ఎగురుచున్నామను అర్థము వచ్చునట్లు ఏదో చెప్పిరి. ఎగురుటకు సిద్ధముగా నున్నారని గ్రహించిన నియంత్రకుడు ‘ఓకే’ యని, క్షణమాగి, వేచియుండుడని చెప్పెను. అదే క్షణమున అమెరికావారు తాము రన్‌వే మీదనే యున్నామని కేకవేసిరి. రెండు మాటలు తాకి కీచుమన్నవి. డచ్చివారికి స్పష్టముగా వినబడినది ‘ఓకే’ ఒక్కటే. 583 మంది ప్రాణములు పోయినవి. ఆ తరువాతనే, అనుమతి యిచ్చునప్పుడును రద్దు చేయునప్పుడును తప్ప ‘టేకాఫ్’ అను మాటను పలుకరాదను నియమము ఏర్పడెను.

మన దేశమున ఇట్టిది 1996 నవంబరు 12 సాయంకాలము, ఇంచుమించు ఆరు గంటల నలుబది నిమిషములకు, హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలములపై జరిగినది. ఢిల్లీనుండి సౌదీ బోయింగు ధహ్రానుకు బయలుదేరినది. కజకిస్థాను ఇల్యూషిన్ విమానము ఢిల్లీకి దిగుచున్నది. రాకకు పోకకు మార్గమొక్కటే. సౌదీ విమానమునకు 14,000 అడుగులు, కజక్ విమానమునకు 15,000 అడుగులు నిర్ణయింపబడినవి. నాటి ఢిల్లీ రాడారు విమానమున్న చోటు చూపునే గాని ఎత్తు చూపలేదు. ఎత్తు తెలియుటకు చోదకుల నోటిమాటయే ఆధారము. కజక్ విమానము 15,000కు చేరితినని చెప్పినది. ఎదుట బోయింగు వచ్చుచున్నదని నియంత్రకుడు హెచ్చరించెను. దూరము పదునాలుగు మైళ్లు, తరువాత పదుమూడు. దాని యెత్తు ‘నూటనలుబది’, అనగా 14,000 అడుగులు. ఒక్క యూపిరిలో ఇన్ని అంకెలు! ఆ విమానమున ఆంగ్లమెరిగి టవరుతో మాటలాడువాడు రేడియో ఆపరేటరు. అతని యెదుట ఎత్తుకొలత గడియారము లేదు. చోదకుల భుజములమీదుగా తొంగిచూడవలెను. చెవి ఒకనిది, చేయి మరొకనిది. విమానము 15,000 దిగువకు జారినది. అతడు చూచి వారించునప్పటికి కాలము మించినది. పైకి లేపబోగా తోక బోయింగు రెక్కను గోసినది. మేఘములలో పెద్ద మంట కనబడెనని ఆ దారినే వచ్చుచున్న అమెరికా సైనికవిమానము టవరునకు తెలిపినది.

349 మందిలో ఒక్కరును బ్రతుకలేదు. బోయింగులోనివారిలో అధికులు మన భారతీయులే. కరీంనగరమునుండి అల్వాలు మీదుగా బేగంపేటకు వచ్చి గల్ఫు విమానమెక్కిన కొడుకులను, ఆ దారి ప్రక్క పల్లెలలో వేచిన తల్లులను ఎరిగిన మనకు ఆ శోకమును వేరుగా వర్ణింపనక్కరలేదు.

న్యాయమూర్తి లాహోటీ విచారణలో తేలినది: కజక్ సిబ్బంది అనుమతి లేకయే దిగిరి, ఆంగ్లజ్ఞానలోపముచే నియంత్రకుని మాటను తప్పుగా గ్రహించిరి. పిమ్మట ఢిల్లీలో రాకపోకల మార్గములు వేరయినవి, ఎత్తు చూపు రాడారు వచ్చినది. భాషాపరీక్ష పెట్టవలెనని 1998లో అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ మహాసభ తీర్మానించెను. అది అమలునకు వచ్చినది 2008 మార్చి 5న; అదే నెల 23న మన పౌరవిమానములు బేగంపేట విడిచి శంషాబాదునకు తరలినవి. వినినదానిని తిరిగి అప్పగింపుమను నియమము అంతకు ముందునుండియే కలదు. అది మంచిదే. కాని దాద్రీలో అప్పగించిన యెత్తు సరియైనదే! నోరు సరిగా పలికినను చేయి వేరుదారి పట్టినది.

అందుచేతనే, ఢీకొను ప్రమాదమును తానే పసిగట్టి చోదకునకు నేరుగా ఆజ్ఞ యిచ్చు యంత్రమును మన దేశమున నిర్బంధము చేసిరి. దానితో మరియొక చిక్కు పుట్టినది. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఊబర్లింగెన్ మీద, రష్యా విమానమును యంత్రము ఎక్కుమన్నది, నియంత్రకుడు దిగుమన్నాడు. చోదకులు మనిషి మాటనే నమ్మి దిగిరి; ఎదుటి విమానము తన యంత్రము చెప్పినట్లు దిగుచుండెను. 71 మంది మరణించిరి. ఆ పిమ్మట, ఇట్టి వేళ టవరు మాటను ప్రక్కకు బెట్టి యంత్రము మాటయే వినవలెనని అన్ని దేశముల చోదకులకును స్పష్టముగా శాసించిరి.