జైతూన్ నూనె: ముహ్తసిబ్ పరీక్ష నుండి రసాయనశాల వరకు

జైతూన్ చెట్టు ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లో పలుచోట్ల ఉన్నదని పాఠకులకు తెలిసినదే. మధ్యయుగపు ముస్లిం నగరాలలో దాని నూనె వంటకు, దీపానికి, సబ్బుకు, వైద్యానికి కూడ కావలసి వచ్చేది. అందుచేత ఆ నూనెకు పుట్టిన చోటును బట్టి పేరుండేది. జెరూసలేం వాడైన భూగోళవేత్త అల్ ముఖద్దసీ క్రీ.శ. 10వ శతాబ్దంలో ఫలస్తీనా ఎగుమతులలో దీనిని పేర్కొన్నాడు. షామ్ నుండి ఒంటెలపై ఇరాఖ్‌కు చేరే నూనెను ‘రికాబీ’ అనేవారు. కాని అది షామ్ నూనెయే అనడానికి వర్తకుని మాట తప్ప వేరే ఆధారమేమున్నది?

బజారును తనిఖీ చేసే ముహ్తసిబ్ అడిగిన ప్రశ్న ఇది కాదు. నూనె ఎక్కడిదని కాక, కల్తీయా కాదా అని ఆయన చూచేవాడు. 12వ శతాబ్దంలో సిరియాలో అల్ షైజరీ ముహ్తసిబ్‌ల కోసం వ్రాసిన ‘నిహాయతుర్రుత్బా’ అను గ్రంథంలో, గిరాకీ వేళ కొందరు జైతూన్ నూనెలో కుసుమ నూనె కలుపుతారనీ, అట్టి నూనెను నిప్పుపై ఉంచితే ఊపిరాడనంత పొగ లేస్తుందనీ చెప్పాడు. మన దక్కను నల్లరేగడి చేలలో పండే కుసుమే అది!

పొగ కంటె సూక్ష్మమైన కొలత కూడ ఆ శతాబ్దపుదే. బానిసగా ఉండి పండితుడైన అల్ ఖాజినీ, మర్వ్ నగరంలో హి.శ. 515 (క్రీ.శ. 1121-22)లో ‘మీజానుల్ హిక్మా’ రచించాడు. నీటి తూకాన్ని 1 అనుకుంటే జైతూన్ నూనె 0.920 అని అందులో ఉన్నది. నేటి లెక్క సుమారు 0.91. ఆశ్చర్యపడవలసిన సామీప్యమే. అయితే కుసుమ నూనె తూకం కూడ దీనికి ఇంచుమించు నూటికి ఒక వంతు తేడాలోనే ఉంటుంది. ఇక షామ్ నూనెను, అందలుస్ నూనెను త్రాసు ఎట్లు వేరు చేయగలదు?

ఆ పని 1952లో జేమ్స్, మార్టిన్‌లు గ్యాస్ క్రోమటోగ్రఫీని రూపొందించిన తరువాతనే సాధ్యపడ సాగింది. నూనెలోని కొవ్వు ఆమ్లాలను విడివిడిగా కొలువగా, స్పెయిన్‌లోని పికువల్ జాతి నూనెలో ఓలియిక్ ఆమ్లం నూటికి 80 వరకు ఉంటే, ట్యునీసియాలోని షెమ్లాలి జాతిలో తరచు 60కి లోబడి ఉన్నట్లు తేలింది. చెట్టు జాతి, ఎండ, వాన అన్నీ నూనెలో గుర్తు విడుస్తాయి.

చిక్కంతా ఇక్కడనే. ఓలియిక్ తగ్గి లినోలియిక్ ఆమ్లం పెరగడం షెమ్లాలి స్వభావం. కుసుమ నూనె కలిపినా జరిగేది అదే! మరొక ఉదాహరణ డెల్టా-7-స్టిగ్మాస్టెనాల్ అను స్టెరాల్. కుసుమ, పొద్దుతిరుగుడు నూనెలలో ఇది మెండు గనుక, అంతర్జాతీయ ఆలివ్ మండలి జైతూన్ నూనెలో దీనికి 0.5 శాతం హద్దు పెట్టింది. సిరియా, ఫలస్తీనాలలో ఏ కల్తీ లేని నూనె కూడ కొన్నిసార్లు ఆ హద్దు దాటుతుంది. తరతరాలుగా జైతూన్ పండించే ఇంటివాడు, తన చెట్టు కాయనే పిండి, కల్తీదారుల వరుసలో నిలబడవలసి వచ్చిందన్నమాట. ఇతర గుణాలన్నీ సరిపోయినచో 0.8 వరకు అంగీకరించే వెసులుబాటు తరువాత ఏర్పడింది. ఇది న్యాయమే గాని, కొలబద్ద చేసేనాడే ఆ తోటల నూనెను కూడ కొలిచి ఉంటే ఈ సవరణ అవసరపడేది కాదు.

ఇటీవలి పద్ధతి ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులది. సముద్రానికి దూరమయ్యే కొలది, ఎత్తుకు పోయే కొలది వాననీటిలో బరువైన పరమాణువులు తగ్గుతాయి. వేడి, పొడి నేలలో ఆకులనుండి తేలిక నీరు ముందుగా ఆవిరై, బరువైనది మిగులుతుంది. ఆ నిష్పత్తి నూనెలోను కనిపిస్తుంది. అయితే వాన ఏటేటా మారుతుంది గనుక, ఏ ప్రాంతపు అసలు నూనె నమూనాలను ఆ ప్రాంతంలోనే ఏటేటా సేకరించి భద్రపరచాలి. ఏ తోట నమూనా ఆ భాండారంలో చేరలేదో, దాని నూనె ఎక్కడిదో ఏ యంత్రమూ చెప్పలేదు.