బొటులినం టాక్సిన్ చికిత్స

బొటులినం టాక్సిన్ క్లాస్ట్రీడియం బొటులినం అనే బ్యాక్టీరియా తయారుచేసే ప్రొటీన్. మనిషికి తెలిసిన విషాలన్నిటిలో తీవ్రమైనదిగా దీనికి పేరు. అతి స్వల్ప మోతాదులో కండరంలోకి ఎక్కిస్తే ఆ కండరం కొన్ని నెలలపాటు బిగువు సడలి ఉంటుంది. మెల్లకన్ను, మెడ కండరాల బిగింపు, పార్శ్వపు నొప్పి, అతిగా చెమట పట్టడం వంటి సమస్యలకూ, ముఖంపై ముడతలు తగ్గించడానికీ దీన్ని వాడతారు. జనం వాడుకలో ఈ చికిత్స మొత్తానికి బొటాక్స్ అనే పేరు స్థిరపడింది. నిజానికి అది ఒక కంపెనీ మందు పేరు. డిస్‌పోర్ట్, జియోమిన్ వంటివీ ఇదే కోవలోవి.

విషంగా గుర్తింపు

19వ శతాబ్దం తొలినాళ్లలో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో చెడిపోయిన సాసేజ్‌లు తిన్నవారికి చూపు మసకబారేది, రెప్పలు వాలిపోయేవి, మింగడం కష్టమయ్యేది; చివరికి ఊపిరాడక చాలామంది చనిపోయేవారు. అక్కడి వైద్యుడు, కవి జస్టినస్ కెర్నర్ ఇలాంటి కేసుల వివరాలు సేకరించి 1820, 1822లలో గ్రంథాలు వెలువరించాడు. విషాన్ని జంతువులపైనే కాక తనపైనా పరీక్షించుకున్నాడు. నాడుల నుంచి కండరాలకు అందే ప్రేరణను అది ఆపేస్తుందనీ, రోగి స్పృహ మాత్రం చెడదనీ గమనించాడు. నాడులు అదుపు తప్పి ఉద్రేకపడే జబ్బులకు కొద్ది మోతాదులో ఇదే మందు కావచ్చని కూడా ఊహించాడు.

1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ గ్రామంలో అంత్యక్రియలకు వచ్చిన బ్యాండు బృందం నిల్వ పంది మాంసం తిని జబ్బుపడింది, ముగ్గురు మరణించారు. గెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ ఘటనను పరిశోధించి, కారణమైన బ్యాక్టీరియాను వేరుచేసి, 1897లో ఆ వివరాలు ప్రచురించాడు. గాలి తగలని చోట పెరిగే జీవి కాబట్టి, సరిగా వేడిచేయకుండా మూతబిగించిన ఆహారంలో అది వృద్ధి చెందుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం మేరీలాండ్‌లోని క్యాంప్ డెట్రిక్‌లో జీవాయుధాల పరిశోధనలో భాగంగా ఈ విషాన్ని అధ్యయనం చేసింది. 1946లో ఎ రకం టాక్సిన్‌ను స్ఫటికాల రూపంలో శుద్ధి చేయగలిగారు. తర్వాతి వైద్య ప్రయోగాలకు ఈ శుద్ధి పద్ధతే పునాది అయింది.

పనిచేసే తీరు

కండరం ముడుచుకోవాలంటే నాడి చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి. టాక్సిన్ దాన్ని అడ్డుకుంటుందని 1949లో ఆర్నాల్డ్ బర్గెన్ బృందం చూపింది. ఆ విడుదలకు తోడ్పడే ప్రొటీన్‌ను టాక్సిన్ ముక్కలు చేస్తుందని 1990లలో తేలింది. సూది వేసిన కొద్ది రోజుల్లో ప్రభావం మొదలవుతుంది. నాడి క్రమంగా కోలుకోవడంతో మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. అందుకే చికిత్సను మళ్లీ మళ్లీ చేయించుకోవాలి.

కంటి వైద్యం నుంచి అందం వైపు

శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన కంటి వైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్నుకు శస్త్రచికిత్స లేని మార్గం కోసం వెతికాడు. కంటిని ఒక వైపు లాగే కండరాన్ని బలహీనపరిస్తే చూపు సరిపడుతుందని అతని ఆలోచన. క్యాంప్ డెట్రిక్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ షాంట్జ్ టాక్సిన్ సమకూర్చాడు. కోతులపై చేసిన ప్రయోగాల ఫలితాలు 1973లో, మనుషులపై ఫలితాలు 1980లో వెలువడ్డాయి. 1989 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మెల్లకన్నుకూ, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకూ దీన్ని ఆమోదించింది. ఓక్యులినం అనే ఈ మందును అలర్గాన్ కంపెనీ కొని, బొటాక్స్‌గా పేరు మార్చింది.

కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కరుథర్స్ రెప్పల బిగింపుకు ఈ మందు ఇస్తుండగా, కనుబొమల మధ్య గీతలు కూడా మాయమవుతున్నాయని ఒక రోగి ద్వారా తెలిసింది. ఆమె భర్త అలస్టెయిర్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి 1987 నుంచి ముడతలపై ప్రయత్నించి, 1992లో ఫలితాలు ప్రచురించారు. కనుబొమల మధ్య ముడతలకు ఎఫ్‌డీఏ ఆమోదం 2002లో వచ్చింది. కండరం కదలిక వల్ల పడే ముడతలకే ఇది పనికొస్తుంది. ఎండ వల్ల పాడైన చర్మాన్ని బాగుచేయదు.

ఇతర వ్యాధులు

కొత్త ఉపయోగాలు ఎక్కువగా పాత చికిత్స పొందుతున్నవారిలోనే బయటపడ్డాయి. ముఖ కండరాల అదురుకు సూది వేయించుకున్నవారికి అక్కడ చెమట తగ్గింది. స్వేదగ్రంథులకూ ఆదేశం ఇచ్చేది అసిటైల్‌కోలినే. చంకల్లో అతి చెమటకు 2004లో అనుమతి లభించింది. ముడతలకు చికిత్స పొందినవారిలో కొందరు తలనొప్పి తగ్గిందన్నారు. దీర్ఘకాలిక పార్శ్వపు నొప్పికి 2010లో ఆమోదం వచ్చింది. తల, మెడల్లో 31 చోట్ల మొత్తం 155 యూనిట్లు ఇవ్వడం దీని విధానం. మెడ కండరాల బిగింపుకు 2000లో, మూత్రాశయం అదుపు తప్పడానికి 2011 నుంచి అనుమతులు వచ్చాయి. పక్షవాతం తర్వాతా, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లోనూ బిగుసుకున్న కాళ్లుచేతులను సడలించడానికి ఫిజియోథెరపీతో కలిపి వాడతారు.

మోతాదు, ప్రమాదాలు

ఒక యూనిట్ అంటే ఎలుకలకిచ్చినప్పుడు సగం చనిపోయే మోతాదు. కంపెనీలు యూనిట్‌ను కొలిచే పద్ధతులు వేరు కాబట్టి, ఒక మందు లెక్కను ఇంకో మందుకు వాడకూడదు. సాధారణంగా కనిపించే ఇబ్బందులు సూది వేసిన చోట నొప్పి, కమిలిపోవడం, కొన్నాళ్లు రెప్ప వాలడం. మందు దూరంగా వ్యాపిస్తే మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతాయి; 2009లో ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను మందు సమాచార పత్రంలో గడి కట్టి ప్రముఖంగా ముద్రించాలని ఆదేశించింది. 2004లో ఫ్లోరిడాలో అనుమతి లేని, ప్రయోగశాలల కోసం తయారైన టాక్సిన్‌ను అందం కోసం ఎక్కించగా నలుగురు పక్షవాతానికి గురై వెంటిలేటర్‌పై ఉండాల్సి వచ్చింది. మయస్తీనియా గ్రేవిస్ వంటి నాడీకండర వ్యాధులున్నవారికి ముప్పు ఎక్కువ. గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు.