శిఖం నుంచి ఎఫ్‌టీఎల్ దాకా: మేడ్చల్, శామీర్‌పేట చెరువుల చట్టాలు

కోస్తాలో సహజ వనరుల రక్షణ అనగానే 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం, తీరం వెంబడి కట్టడాల మీది ఆంక్షలు గుర్తుకొస్తాయి. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేటలకు సముద్రమూ లేదు, జీవనదీ లేదు. రాతి నేల మీద పడిన వానను ఆపి నిలిపేది చెరువే. అందుకే ఇక్కడి వనరుల చట్టాల చరిత్ర చాలావరకు చెరువు చుట్టూ తిరుగుతుంది.

నిజాం సర్కారు చేసిన ఫసలీ 1317 (1907-08) భూమి రెవెన్యూ చట్టం వాగులు, చెరువులు, కుంటలు ప్రభుత్వ ఆస్తి అని చెప్పింది. పశువుల మేతకు భూమి విడిగా ఉంచే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. తర్వాత ఫసలీ 1357లో (1947-48) నీటిపారుదల చట్టం వచ్చింది. వీటి వెనుక ఉన్నది పర్యావరణ చింత కాదు, శిస్తు లెక్క. ఖుష్కి (మెట్ట) కంటే తరి (మాగాణి) భూమికి శిస్తు ఎక్కువ. కట్ట తెగితే ఆయకట్టు ఎండుతుంది, దానితోపాటు ఖజానాకూ గండి పడుతుంది. కారణం ఏదైనా, చెరువును కాపాడుకోవలసిన అవసరం సర్కారుకూ రైతుకూ సమానంగానే ఉండేది.

చెరువు నిండితే మునిగి, ఎండాకాలం నీరు వెనక్కి తగ్గాక బయటపడే నేలను శిఖం అంటారు. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలో కొన్ని సర్వే నంబర్ల ఎదుట శిఖమని, కొన్నింటి ఎదుట శిఖం పట్టా అని కనిపిస్తుంది. శిఖం పట్టాదారు నీరు తగ్గినప్పుడు పంట వేసుకోవచ్చు. మట్టి పోసి ఎత్తు చేయడానికి, ఇల్లు కట్టడానికి మాత్రం హక్కు లేదు. సాగు ఉన్నంతకాలం ఈ తేడా ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఆయకట్టు ప్లాట్లుగా మారాక తూము తెరిచే పని లేకుండా పోయింది, శిఖానికేమో గజాల లెక్కన ధర వచ్చింది. చెరువు రక్షణలో అసలు మలుపు ఇదే. పాత చట్టాలు దీన్ని ఊహించి రాసినవి కావు.

చెరువులతో పోలిస్తే అడవుల విషయం త్వరగా తేలింది. హైదరాబాద్ రాష్ట్రపు అటవీ చట్టాన్నీ, ఆంధ్ర ప్రాంతంలో అమలైన 1882 మద్రాసు చట్టాన్నీ తీసేసి 1967లో రాష్ట్రమంతటికీ ఒకే అటవీ చట్టం తెచ్చారు.

1996 మార్చి 8న వచ్చిన 111వ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను కట్టడి చేసింది. అవి నగరానికి తాగునీరిచ్చే జలాశయాలు. ఉత్తరాన ఉన్న సాగునీటి చెరువులకు అంతటి కవచం దొరకలేదు. వాటికి కాస్త అండ 2002 నాటి వాల్టా చట్టంతో వచ్చింది. నీరు, భూమి, చెట్లు మూడింటినీ ఒక్క చట్టం కిందికి తెచ్చింది వాల్టాయే. బావులు, బోర్లు నమోదు చేయించాలి, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, ఇసుక తవ్వకానికి హద్దులుంటాయి. చెరువులను, నాలాలను వారసత్వ జలవనరులుగా ప్రకటించే అధికారం కూడా అది ఇచ్చింది. చట్టం విశాలమైనదే. అమలు మాత్రం ఇతర పనులతో సతమతమయ్యే మండల అధికారుల నెత్తిన పడింది.

2008లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఏర్పడింది. 2010లో చెరువుల పరిరక్షణ కమిటీ వచ్చాక ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) అన్న మాట ఊళ్లలో కూడా వినిపించసాగింది. అలుగు అంచుకు సమంగా నీరు నిలిచినప్పుడు అది ఎక్కడిదాకా పాకుతుందో అదే ఎఫ్‌టీఎల్ గీత. ఆ గీతను సర్వే చేసి, ప్రాథమిక ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు విని, ఆపై తుది ప్రకటన చేస్తారు. 2012 భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. శామీర్‌పేట పెద్ద చెరువు లాంటి వాటికి మొదటి కొలతే వర్తిస్తుంది.

2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పూడికతీతను మళ్లీ ముందుకు తెచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో రంగారెడ్డి నుంచి విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడటంతో చెరువుల దస్త్రాలు కొత్త కలెక్టరేటుకు చేరాయి. చెరువుల ఆక్రమణలను తొలగించేందుకు 2024 జూలైలో ఏర్పాటైన హైడ్రా పరిధిని ఔటర్ రింగు రోడ్డు వరకు నిర్ణయించారు. రోడ్డు దాటిన గ్రామాల్లోని చెరువుల బాధ్యత మునుపటిలాగే రెవెన్యూ, నీటిపారుదల శాఖలదీ, హెచ్‌ఎండీఏదీ.