నింగిపాటను దాచుకొన్న శ్రోత

అమెరికాలో ఎక్స్‌ఎం సంస్థ 2001లో ఉపగ్రహ రేడియో ప్రసారములు ప్రారంభించినది. చందాదారులు విన్న పాట విన్నంతనే గాలిలో కలిసిపోయెడిది. 2003లో కంప్యూటరుకు తగిలించు పీసీఆర్ అను చిన్న రిసీవరును ఆ సంస్థ అమ్మకమునకు పెట్టినది.

తాను నిద్రించు వేళ వచ్చు కచ్చేరీలు తప్పిపోవుచున్నవని కెనడా శ్రోత ఒకరు 2004లో టైమ్‌ట్రాక్స్ అను సాఫ్ట్‌వేరు రచించినారు. ప్రసారముతోపాటు వచ్చు పాట పేరును, గాయకుని పేరును గ్రహించి, అది ఒక్కొక్క పాటను విడి ఫైలుగా దాచెడిది. రికార్డు కంపెనీల సంఘము కలత చెందినది. ఆ ఏడే పీసీఆర్ అమ్మకము నిలిచిపోయినది. అయినను ఔత్సాహికులు ఊరకుండలేదు. కార్లకై చేసిన రిసీవరుకు బయటివారు చేసిన తీగను కూర్చి కంప్యూటరుకు కలిపినారు.

వినుటకు చెల్లించిన చందాలో దాచుకొను హక్కు కూడ కలదా? రిసీవరు అంగడినుండి తొలగినది గాని, ఈ ప్రశ్న తొలగలేదు.