పేగుల నెత్తురు ఏ దారిన పోవాలి?

1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ ఎక్ అనే సైనిక వైద్యుడు కుక్కల్లో పోర్టల్ సిరను మహాసిరతో కలిపి కుట్టాడు. పేగుల నుంచి కాలేయానికి వెళ్లవలసిన రక్తం దారి మళ్లి నేరుగా గుండెకు చేరింది. 1893లో అదే నగరంలో పావ్లోవ్ బృందం ఈ శస్త్రచికిత్సను మళ్లీ చేసి, కుక్కల తీరును గమనించింది. మాంసం తిన్నవాటికి మతి తప్పింది, మూర్ఛలు వచ్చాయి. పేగుల రక్తం కాలేయం గుండా పోవడంలో ఏదో అర్థం ఉందని తేలింది. ఆ అర్థమేమిటో తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

1955లో అమెరికాలోని ఆల్బనీలో స్టువర్ట్ వెల్చ్ ఒక కుక్కకు సొంత కాలేయాన్ని ఉంచుతూనే మరో కాలేయాన్ని అమర్చాడు. అది కొద్ది రోజుల్లోనే కుంచించుకుపోయింది. శరీరం దాన్ని తిరస్కరించిందనుకున్నాడు. పదేళ్లు తిరగకముందే డెన్వర్‌లో థామస్ స్టార్జల్ బృందం మరో కారణం చూపింది: పోర్టల్ రక్తం అందిన కాలేయం బతుకుతుంది, అందనిది క్షీణిస్తుంది. ఆ రక్తంలో ఇన్సులిన్ వంటివి ఉండడమే అందుకు కారణమని తర్వాత తెలిసింది.

1963 మార్చి 1న మనిషికి తొలి కాలేయ మార్పిడి చేసిందీ స్టార్జలే. ఆ తర్వాత రెండు దశాబ్దాల వరకు పోర్టల్ సిరలో రక్తం గడ్డ కట్టిన రోగికి శస్త్రచికిత్స వద్దనేవారు. ఇది అరుదైన ఇబ్బంది కాదు. సిర్రోసిస్‌తో గట్టిపడిన కాలేయం ముందు రక్తం నెమ్మదించి, గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. అంటే మార్పిడి అవసరమైన రోగికే మార్పిడికి అడ్డంకీ వచ్చిపడేది.

గడ్డ చిన్నదైతే సిర గోడను చొక్కా చెయ్యి తిప్పినట్టు లోపలి నుంచి బయటికి మడిచి, గడ్డను ఒలిచి తీసేవారు. అది కుదరనప్పుడు దాత తుంటి భాగపు సిరను వాడారు. పిట్స్‌బర్గ్‌లో 1985 నుంచి సిర ముక్కలతో చేసిన ఆపరేషన్ల వివరాలు వెలువడ్డాయి. 1989లో ఆండ్రియాస్ జాకిస్ బృందం పేగుల సిర నుంచి క్లోమం ముందుగా కొత్త కాలేయం దాకా ఒక వంతెన వేసిన తీరును వివరించింది. 2000లో బర్మింగ్‌హామ్ వైద్యులు గడ్డ విస్తృతిని నాలుగు స్థాయిలుగా విభజించారు. పేగుల సిర కూడా పూర్తిగా మూసుకుపోయిన నాలుగో స్థాయి దగ్గరే అసలు చిక్కు. వంతెన మొదలుపెట్టడానికి ఇవతలి ఒడ్డే ఉండదు.

అలాంటి రోగుల కోసం జాకిస్ 1998లో మయామీ నుంచి ఒక తెగువ గల పద్ధతి ప్రకటించాడు: మహాసిర రక్తాన్ని కొత్త కాలేయపు పోర్టల్ సిరలోకి మళ్లించడం. ఎక్ కుక్కలో చేసినదానికి ఇది అద్దంలో ప్రతిబింబం. కాలేయానికి రక్తం అందింది, అది పనిచేసింది. అయితే పేగుల రక్తం మునుపటిలాగే దారిలేక నిలిచిపోయింది. అన్నవాహికలోని ఉబ్బిన సిరల నుంచి రక్తస్రావం, పొట్టలో నీరు ఆగలేదు. పైగా కాళ్లు వాచేవి. కాలేయానికి రక్తం అందించడం, పేగుల రక్తానికి దారి చూపడం వేరువేరు సమస్యలని నా ఉద్దేశంలో ఈ శస్త్రచికిత్సే అన్నిటికన్నా స్పష్టంగా నేర్పింది.

రెండింటికీ జవాబు కొందరి శరీరంలోనే సిద్ధంగా ఉంటుంది. దారి మూసుకుపోయాక పేగుల, ప్లీహపు రక్తం ఏళ్ల తరబడి వెతుక్కుని ఎడమ మూత్రపిండ సిరలోకి సొంత కాలువ తవ్వుకుంటుంది. ఆ సిరను కొత్త కాలేయానికి కలిపితే పేగుల రక్తమే వచ్చి చేరుతుంది. 1997లో సిడ్నీ వైద్యులు, ప్లీహపు రక్తం అప్పటికే మూత్రపిండ సిరలోకి పోతున్న ఒక రోగిలో ఇలా చేసిన మార్పిడిని ప్రచురించారు. ఆ కాలువ లేనివారికి చాలాసార్లు కాలేయంతో పాటు పేగులనూ మార్చే భారీ శస్త్రచికిత్సే మిగులుతుంది.

మన దేశంలో ఎక్కువ మార్పిడులు బతికున్న దాత ఇచ్చిన కాలేయ భాగంతోనే జరుగుతాయి. కాబట్టి దాత తుంటి సిర దొరకడం కష్టం. శస్త్రచికిత్సకు ముందే సీటీ స్కాన్ బొమ్మల్లో, మూత్రపిండం పక్కన మెలికలు తిరిగి ఉబ్బిన ఆ సిర కోసం సర్జన్ వెతికేది అందుకే.